బ్రూజ్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్న చిన్నికి

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మే నెలలో వాళ్ళిద్దరినీ బెల్జియంలో నువ్వుండే లూవెన్‌కి రప్పించుకుని, ఒకరోజు కాలువల ఊరు బ్రూజ్ చూపిస్తావట. రాజమండ్రి బస్టాండులో నా కొంగు వదిలితే ఏడ్చేదానివి, ఇప్పుడు మా చెల్లికి విమానం టికెట్లు కొంటున్నావు! ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకుంటూ కూర్చున్నాను. ఆ తర్వాత మొదలైంది టెన్షన్.

రైలు, గొడుగు, మందులు, ఇవన్నీ నీకు తెలిసినవే. మీ అమ్మ చెప్పులేసుకొస్తానంటుంది, వినకు. ఆ పాత వీధులన్నీ రాళ్ళు పరిచినవి, వాన పడితే జారతాయి. ఇంకో మాట, చాలాచోట్ల కాలువ గట్టుకి కమ్మీలు ఉండవు. మీ నాన్న ఫోటో కోసం వెనక్కి వెనక్కి నడిచే మనిషి. ఆయన చెయ్యి పట్టుకో. చెబితే నవ్వుతారు, అయినా పట్టుకో.

స్టేషన్ దిగగానే అందరిలా మార్కెట్ చౌకుకి పరుగెత్తకండి. మిన్నెవాటర్ చెరువు పక్కనుంచి బెగెయిన్‌హోఫ్‌లోకి వెళ్ళండి. 1245లో మొదలైందది. పెళ్ళీ చేసుకోకుండా, పూర్తిగా సన్యాసమూ పుచ్చుకోకుండా దేవుడి ధ్యాసలో బతికిన ఆడవాళ్ళ ఇళ్ళు. ఇప్పుడు బెనెడిక్టైన్ సన్యాసినులు ఉంటున్నారు. చుట్టూ తెల్లటి ఇళ్ళు, మధ్యలో పచ్చిక, పొడుగాటి చెట్లు. మీ అమ్మని అక్కడ గట్టిగా మాట్లాడొద్దను. అక్కణ్ణించి అవర్ లేడీ చర్చికి వెళ్తే మైఖెలాంజెలో చెక్కిన పాలరాతి మేరీమాత ఉంటుంది. పడవ షికారు అరగంట. హంసల కథ పడవవాడే చెబుతాడు.

మార్కెట్ చౌకులోని గంటల గోపురం మాత్రం ఎక్కించకు. 83 మీటర్లు, 366 మెట్లు, పైకెళ్ళేకొద్దీ ఇరుకు. ఈ మాట ఎందుకంటున్నానో మీ అమ్మకి సగమే తెలుసు.

1998లో పెదనాన్న ఉద్యోగం బ్రస్సెల్స్‌లో. తాతయ్య మా దగ్గరికొచ్చారు. ధవళేశ్వరం లాకుల దగ్గర, అదే, పడవలు దాటించడానికి కాలువ నీళ్ళు ఆపి వదిలే తలుపుల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. కాలువల ఊరు చూపిస్తానని గొప్పగా బ్రూజ్ తీసుకెళ్ళాను. ఒక్కరోజులో అన్నీ చూపించెయ్యాలని నా తాపత్రయం. పొద్దున్నే గోపురం ఎక్కించాను. దిగేసరికి ఆయన మోకాళ్ళు వణుకుతున్నాయి. పాపం, ఒక్క మాట అనలేదు. రోజెన్‌హూడ్‌కాయ్ దగ్గర, అదే, అందరూ ఫోటోలు దిగే మలుపు, అక్కడ కూర్చోబెట్టి, "నాన్నా, కదలకండి, పది నిమిషాల్లో వచ్చేస్తాం" అని నేనూ పెదనాన్నా లేసు కొట్టుకి వెళ్ళాం. రుమాళ్ళు బేరమాడుతూ ముప్పావుగంట చేశాను.

తిరిగొచ్చేసరికి ఆయన లేరు.

చిన్నీ, నేను మొదట చూసింది నీళ్ళలోకే. ఆకుపచ్చటి నీళ్ళు, అడుగు కనబడదు. జూలైలో కూడా మంకీ క్యాప్ పెట్టుకొచ్చారు, ఆ టోపీ తేలుతోందేమోనని వెతికాను. ఆయన జేబులో మా అడ్రసు లేదు. సెల్‌ఫోను లేదు. ఆ ఊళ్ళో ప్రతి వంతెనా ఇంకో వంతెనలాగే ఉంటుంది. ఏ వంతెన దాటానో నాకే గుర్తులేక మూడుసార్లు ఒకే చోటికి వచ్చాను. రెండు గంటలయ్యాక పెదనాన్నే అన్నారు, "మావయ్యగారు కాలువ మనిషి. గట్టు పట్టుకుని పోయుంటారు."

అలాగే పోయాం. సింట్ అన్నా పేట పక్కగా, లాంగెరేయ్ గట్టు చివరిదాకా. అక్కడ జనం లేరు. చిన్న చిన్న ఇళ్ళు, కిటికీల్లో లేసు తెరలు. ఊరి అంచున దాంపోర్ట్ లాకు. గట్టు మీద తాతయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు, పై అధికారి తనిఖీకి వచ్చినట్టు. బార్జి ఒకటి లోపలికి వస్తోంది.

నోటికొచ్చినట్టు అరిచాను. కన్నతండ్రిని, నడిరోడ్డు మీద. ఆయన నెమ్మదిగా, "కాలువ వెంట నడిస్తే ఎక్కడో లాకు తగలకపోతుందా అనుకున్నానమ్మా" అన్నారు.

రైల్లో ఆయన పక్కన కూర్చుని, ఒకప్పుడు ఓడలు జ్విన్ అనే సముద్రపు పాయ గుండా ఈ ఊరి వ్యాపారానికి సరుకు తెచ్చేవని, ఆ పాయ పూడిపోయి వ్యాపారం ఆంట్‌వెర్ప్ రేవుకి పోయిందని చెప్పాను. డబ్బులేక పాతవి పడగొట్టి కొత్తవి కట్టుకోలేదు, అందుకే ఇంత అందం మిగిలిందని కూడా. ఆయన ఒకటే అడిగారు, "పూడిక తీయించేవాళ్ళే లేకపోయారా?" ఊరంతటిలో ఆయన మనసుకి పట్టింది అదే.

అందుకని, మధ్యాహ్నం భోజనమయ్యాక సెంటర్ వదిలెయ్యి. సింట్ అన్నా వైపు నడవండి, తొందరేం లేదు. జెరూసలేం చర్చి చూడండి, గట్టు మీది గాలిమరల దగ్గర కూర్చోండి. అందులో ఒకటి 1770 నాటిది. ఇద్దరి జేబుల్లోనూ నీ నంబరు, ఇంటి అడ్రసు కాగితం మీద రాసి పెట్టు. ఫోన్లున్నాయి కదా పెద్దమ్మా అంటావు. చార్జింగ్ అయిపోతే?

మీ అమ్మకి ఓపికుంటే దాంపోర్ట్ దాకా తీసుకెళ్ళు. లాకు తలుపులు తెరుచుకుంటుంటే వీడియో తీసి నాకు పంపు. ఆ రోజు నేను చూడలేదు, తిడుతూ ఉన్నాను.

మీ పెద్దమ్మ