చర్చి పుస్తకంలో ఖండ్రిక, పొలంలో జామాయిల్

ప్రశ్న: నేను ఒంగోలులో టీచర్‌ని. మా తాతయ్య 1912లో కందుకూరు వైపు ఒక మిషన్ చర్చిలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ పుస్తకంలో ఆయన ఊరు ఒక ఖండ్రిక అని ఉంది. 1936లో ఆయన మూడెకరాలు కొన్న దస్తావేజులోనూ అదే పేరు. ఇప్పుడు ఆ పేరుతో ఊరే లేదు. నాన్న ఉన్నన్నాళ్లూ ఆ చేలో కంది, ఆముదం వేసేవారు. 1996లో సొసైటీలో పంట అప్పు కూడా తీసుకున్నారు. 2015లో నాన్న పోయాక చేను బీడు పడింది. 2017 సంక్రాంతికి వెళ్తే పక్క రైతు కంచె వేసి జామాయిల్ నాటుతున్నాడు. అడిగితే "మీ కాగితంలో ఉన్న ఊరే లేదు, ఇంక పొలమెక్కడిది?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. అప్పట్నుంచి ఆ ఊరి కోసం చర్చిల చుట్టూ తిరుగుతున్నాను. పాస్టర్ గారి చేత ఇప్పటి ఊరి పేరుతో సర్టిఫికెట్ రాయించుకుని, పాత పుస్తకంలోనూ ఆ పేరు పక్కన చేర్పిస్తే సరిపోతుందని తెలిసినవారు అంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: చేయకూడదమ్మా. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు మీరు ఒక్క ముక్కలో దాటేసిన తేదీ దగ్గరికి రండి.

2017 సంక్రాంతి. మీ కేసు నిలిచేదీ కూలేదీ దాని మీదే. హక్కును బట్టి స్వాధీనం కోరే దావాకు లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ ప్రకారం గడువు 12 ఏళ్లు. ఎదుటివాడు 'నాదే' అని మీకు అడ్డం తిరిగి స్వాధీనంలో ఉన్న రోజు నుంచి లెక్క మొదలవుతుంది. మీరు చెప్పింది నిజమైతే 2029 సంక్రాంతితో గడువు తీరుతుంది. తీరిందంటే అదే చట్టం 27వ సెక్షన్ కింద మీ హక్కే పోతుంది. తర్వాత ఊరు దొరికినా, తాతగారి దస్తావేజు ఎంత గట్టిదైనా చేయగలిగింది లేదు. పైగా ఎదుటి వకీలు 2017 అని ఎందుకు ఒప్పుకుంటాడు? 2012 నుంచీ మేమే చేసుకుంటున్నాం అంటాడు. అప్పుడు 2017 అనడానికి మీ దగ్గర ఏముంది? ఇన్నేళ్లలో ఒక్క నోటీసు ఇవ్వలేదు, ఒక్క అర్జీ పెట్టలేదు. చదువుకున్న మనిషి ఇంత అజాగ్రత్తగా ఉండడం నాకు బాధగా ఉంది. అలాగని నోటీసు ఇస్తే గడువు ఆగుతుందనుకోకండి, తహసీల్దారుకు అర్జీ పెట్టినా ఆగదు. దావా వేస్తేనే ఆగుతుంది.

ఆ తేదీకి సాక్ష్యం ఇప్పటికీ దొరుకుతుంది. ఏడాదివారీ అడంగల్ (ఏ చేలో ఎవరు ఏం సాగు చేశారో రాసే రెవెన్యూ లెక్క) నకళ్లు తీయండి. 2016 దాకా బీడు అని ఉండి, ఆ తర్వాత తోట అని మారిందా చూడండి. వాళ్ల బోరుకు కరెంటు సర్వీసు ఏ తేదీన వచ్చిందో కనుక్కోండి. జామాయిల్ మొద్దులు ఎన్నిసార్లు కోత పడ్డాయో చేలో చేసిన కూలీలకు తెలుస్తుంది. ఆ చేను పాత ఉపగ్రహ చిత్రాలు కూడా దొరుకుతాయి.

ఇక చర్చి పుస్తకం. మీరు పంపిన ఫొటో పెద్దది చేసి మూడుసార్లు చూశాను. తాతగారి వరుసలో, ఊరి గడిలో, అసలు ఊరి పేరు లేదు. రెండు చిన్న గీతలు మాత్రం ఉన్నాయి, అంటే 'పైదే' అని. పైకి వెళ్తే మరో నాలుగు వరుసల్లో అవే గీతలు. ఆ పైన ఒక పాలెం పేరు, సిరా వెలిసిపోయి ఉంది. మీరు చదివిన ఖండ్రిక దానికీ పై వరుసలోది. అంటే ఆ గీతలు తాతగారిని పాలెంలో చూపిస్తున్నాయి, ఖండ్రికలో కాదు. ఈ పేజీని ఊరి కోసం కోర్టులో పెడితే ఎదుటి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో వేసే రెండు ప్రశ్నలతో ఎగిరిపోతుంది.

ఈ మిషన్ పుస్తకాలను ఊరి విషయంలో నమ్ముకోకూడదనడానికి ఇంకో కారణం ఉంది. 1876-78 కరువు చివర, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. చుట్టుపక్కల పల్లెలన్నీ కదిలి వచ్చాయి. అంతమంది వచ్చిన రోజులే కాదు, చిన్న గుంపు వచ్చిన రోజున కూడా రాసేవాడు పుట్టిన ఊరు రాశాడా, నడిచొచ్చిన ఊరు రాశాడా, సంఘం ఉన్న ఊరు రాశాడా? చెప్పడానికి ఆ మనిషి లేడు. బాప్తిస్మం పుస్తకం బాప్తిస్మం జరిగిందనీ, ఆ తేదీననీ చెబుతుంది, అంతే. 30 ఏళ్లు దాటిన కాగితం సరైనవారి దగ్గర నుంచి వస్తే సంతకం, చేతిరాత అసలువే అని భారతీయ సాక్ష్య అధినియమం 92వ సెక్షన్ కింద కోర్టు అనుకోవచ్చు. అందులో రాసిందంతా నిజమని అనుకోదు.

అయితే అదే పేజీలో మీరు పట్టించుకోని గడి ఒకటుంది: పూర్వపు పేరు, అంటే బాప్తిస్మానికి ముందున్న పేరు. దస్తావేజులో ఉన్నది ఆ పాత పేరే. ఇంటిపేరు, తండ్రి పేరు కూడా కలిశాయి. 'దస్తావేజులో మనిషి మీ తాత కాడు, మీ తాత పేరు వేరు' అని వాళ్లు అన్న రోజున మీకు అండగా నిలిచేది ఆ గడే. పుస్తకం ఎవరి అధీనంలో ఉందో వారే దాన్ని కోర్టుకు తెచ్చి రుజువు చేయాలి.

ఇప్పుడు చెబుతాను, ఆ పుస్తకంలో పెన్ను ఎందుకు పెట్టకూడదో. పాత ఐపీసీ 466వ సెక్షన్ బాప్తిస్మం రిజిస్టరును పేరెత్తి మరీ చెప్పింది, ఫోర్జరీకి ఏడేళ్ల దాకా శిక్ష. కొత్త న్యాయ సంహితలోనూ ఫోర్జరీ ఫోర్జరీయే. మీరూ, మంచికి పోయి రాసిచ్చిన పాస్టర్ గారూ ఇద్దరూ ముద్దాయిలవుతారు. నూరేళ్ల నాటి సిరా పక్కన కొత్త సిరా ఎవరి కంటికైనా ఆనుతుంది. ఆ ఒక్క మాట వల్ల మీకు పనికొచ్చే పూర్వపు పేరు గడి కూడా అనుమానంలో పడుతుంది. ఆ సలహా ఇచ్చినవారిని దూరం పెట్టండి. దస్తావేజును లామినేషన్ కూడా చేయించకండి.

మరి ఊరు ఎలా తేలుతుంది? ఖండ్రిక అంటే మన వైపు ఎక్కువగా ఇనాంగా ఇచ్చిన చిన్న గ్రామం. ఇనాంల రద్దు, సెటిల్‌మెంట్లు జరిగాక ఇలాంటివి పక్క రెవెన్యూ గ్రామంలో కలిసి శివారుగా మిగిలాయి, కొన్ని పేరే పోగొట్టుకున్నాయి. కాబట్టి నేటి గ్రామాల జాబితాలో వెతికితే దొరకదు. ఇనాం ఫెయిర్ రిజిస్టర్ (పాత ఇనాం భూముల పట్టిక), పాత గ్రామ పటం, ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్లవారీగా గ్రామ భూముల మూల రిజిస్టరు) చూడాలి. కందుకూరు తాలూకా 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులో ఉంది, 2022లో మళ్లీ నెల్లూరుకు వెళ్లింది. అందుకే ఒక్క ఒంగోలు రికార్డు రూముతో ఆగకుండా నెల్లూరు కలెక్టరేటులోనూ దరఖాస్తు పెట్టండి. దస్తావేజు రిజిస్టరైన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఊరివారీ ఇండెక్సు వెతికించండి. ఆన్‌లైన్ ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి చేత్తో తిరగేయాల్సినవే. అదే ఖండ్రికలో ఇంకెవరైనా తర్వాత అమ్ముకుని ఉంటే, ఆ దస్తావేజులో 'ఫలానా గ్రామ శివారు' అని రాసి ఉండవచ్చు.

వీటన్నిటికంటే దగ్గరి దారి మీ ఉత్తరంలోనే ఉంది. 1996 పంట అప్పు. సొసైటీ ఊరికే అప్పు ఇవ్వదు. సర్వే నంబరు, విస్తీర్ణం, రెవెన్యూ గ్రామం రాయించుకుంటుంది, వెంట అడంగల్ నకలు పెట్టుకుంటుంది. అందులోని హద్దులూ విస్తీర్ణమూ 1936 దస్తావేజు షెడ్యూలులోని పొలం వివరాలతో కలిస్తే ఖండ్రిక ఏ గ్రామంలో కలిసిందో తేలిపోతుంది. నాన్నగారి సాగు కూడా రుజువవుతుంది. సొసైటీలో పాత ఫైళ్లు చింపేయకముందే వెళ్లండి.

దావా విషయంలో ఒక జాగ్రత్త. హక్కు ప్రకటన, అంటే 'పొలం మీదే' అని కోర్టు ప్రకటించడం, ఒక్కటే అడిగితే లిమిటేషన్ చట్టం 58వ ఆర్టికల్ కింద గడువు మూడేళ్లు, అది మీకు ఎప్పుడో దాటింది. స్వాధీనంలో లేనివారు వట్టి ప్రకటన అడగడం స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం కూడా కుదరదు. ప్రకటనతో పాటు స్వాధీనం తప్పకుండా కోరండి. మీది ఇండియన్ సక్సెషన్ చట్టం వర్తించే కుటుంబం, ఆడపిల్లలకూ సమాన వాటా. మీ బాబాయిలను, అత్తలను కలుపుకోండి. ఆ గ్రామంలో రీసర్వే అయ్యిందా, పాత సర్వే నంబరుకు ఏ ఎల్‌పీఎం నంబరు (రీసర్వేలో ఇచ్చే కొత్త భూమి నంబరు) ఇచ్చారు, సర్వే పూర్తయిందని సర్వే చట్టం 13వ సెక్షన్ ప్రకటన ఎప్పుడు వెలువడిందో కూడా కనుక్కోండి. ఆ హద్దుల మీద దావాకు ఆ సర్వే ప్రకటన నుంచి మూడేళ్లే గడువు.

వచ్చే సోమవారమే సొసైటీకి వెళ్లండి. నాన్నగారి పేరు, అప్పు సంవత్సరం రాసి అర్జీ ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. ఆ కాగితం చేతికి రాగానే కందుకూరులో సివిల్ కేసులు చూసే వకీలు దగ్గర కూర్చోండి.