హైస్కూల్ క్రెడిట్ ఉంటే కాలేజీలో తొలి కోర్సులు వదిలేయవచ్చా?

అమెరికాలో హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చదివి రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల్లో ఒకటైన కాలిక్యులస్ బీసీలో అత్యధిక స్కోరైన 5 తెచ్చుకుని ఇంజినీరింగ్‌లో చేరే విద్యార్థి, మొదటి రెండు కాలిక్యులస్ కోర్సులు వదిలి నేరుగా మూడోదానిలో చేరవచ్చా అన్నది ప్రశ్న. విశ్వవిద్యాలయం అనుమతించడం వేరు, విద్యార్థి సిద్ధంగా ఉండడం వేరు. మొదటిది ఏ స్కోరుకు ఏ కోర్సు పూర్తయినట్టు లెక్కిస్తారో చెప్పే ఆ విశ్వవిద్యాలయపు క్రెడిట్ పట్టిక చూస్తే తేలిపోతుంది. ఉదాహరణకు ఎంఐటీ ఈ పరీక్షలో 5 వస్తే తొలి కాలిక్యులస్ కోర్సుకు క్రెడిట్ ఇస్తుంది గానీ, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కెమిస్ట్రీ పరీక్షలో ఎంత స్కోరు వచ్చినా ఇవ్వదు.

రెండోది తేల్చుకోవాలంటే, చేరబోయే చోట రెండో కోర్సుకు ఇచ్చిన పాత ఫైనల్ పరీక్షపత్రం సంపాదించి, పుస్తకం తెరవకుండా, గడియారం ఎదురుగా పెట్టుకుని రాయాలి. మే నెలలో పరీక్ష రాశాక వేసవంతా లెక్కల జోలికి పోనివారికి రెండో కోర్సులో వచ్చే టేలర్ శ్రేణుల (ఒక ప్రమేయాన్ని అనంత పదాల మొత్తంగా రాసే పద్ధతి) దగ్గరే కలం ఆగిపోవచ్చు. అప్పుడు రెండో కోర్సులో చేరడమే మేలు, ఎందుకంటే మూడో కోర్సు అధ్యాపకుడు అవన్నీ వచ్చనుకునే పాఠం మొదలుపెడతాడు.

ఫీజు మిగులుతుందన్న తల్లిదండ్రుల లెక్క న్యాయమైనదే, కానీ ఆ పొదుపు ప్రధాన విషయంతో ముడిపడని చరిత్ర వంటి కోర్సుల్లో చేసుకోవడం క్షేమం. వైద్యవిద్యకు వెళ్లదలచినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి: కొన్ని మెడికల్ కాలేజీలు బయాలజీ, కెమిస్ట్రీలకు ఈ క్రెడిట్‌ను అంగీకరించవు.