బీటెక్ అయినోడిని కెనడా పంపాలా, పర్లాకిమిడి నాన్నగారి ప్రశ్న

పర్లాకిమిడి నుంచి ఒకాయన రాశారు. కొడుకు మెకానికల్ బీటెక్, రాయగడలో రెండేళ్లు పని చేశాడు, ఇప్పుడు కన్సల్టెన్సీ వాళ్లు కెనడాలో రెండేళ్ల బిజినెస్ డిప్లొమా ఇప్పిస్తామంటున్నారట, 20 లక్షల లోను. కానీ ఈయన మేనల్లుడు ఎంకామ్ చదివి టొరంటో పక్కన గోడౌన్‌లో ప్యాకింగ్ చేస్తున్నాడు, "మావోడికీ అదే గతేనా" అని భయం.

సార్, ముందు మీ మేనల్లుడిని చేతకానోడు అనుకోవడం మానండి. డిగ్రీ మనతో వస్తాది గానీ దాని రేటు రాదు, అంతే. మనకిది కొత్తా? మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలో పాతపట్నం, అయినా ఒడిశాలో చదివి అటు సీటుకెళ్తే నాన్‌లోకల్ అంటారు. వైజాగ్‌లో నా మొదటి ఇంటర్వ్యూలో నేను తెలుగులోనే మాట్లాడుతున్నా, ఆ మేనేజరు నా ఒడిశా ప్లస్ టూ మార్కుల లిస్టు అటు తిప్పి ఇటు తిప్పి "ఇది మన ఇంటరేనా" అని రెండుసార్లు అడిగాడు. ఇక సముద్రం అవతలోడి సంగతి చెప్పాలా.

టొరంటోలో ఫిలిప్ ఓరియోపౌలోస్ అనే ఎకనామిస్ట్ ఉత్తుత్తి రెజ్యూమెలు వేల సంఖ్యలో కంపెనీలకి పంపి చూశాడు, 2011లో పేపరొచ్చింది. చదువూ అనుభవం ఒకేలా ఉన్నా ఇంగ్లిష్ పేరుకి వచ్చినన్ని కాల్స్ ఇండియన్ పేరుకి రాలేదు, బయటి దేశం అనుభవం ఉంటే ఇంకా తగ్గాయి. ఎందుకని అడిగితే ఉద్యోగాలిచ్చేవాళ్లు భాష సరిగ్గా రాదేమోనని అన్నారట, సరే భాష బాగా వచ్చని రెజ్యూమెలో రాసినా తేడా తగ్గలేదు!

మరి అమెరికాలో మనోళ్లు బాగా సంపాదిస్తున్నారు కదా అంటారు. అక్కడి ఇండియన్లలో పెద్దాళ్లని తీసుకుంటే నలుగురిలో ముగ్గురికి డిగ్రీ ఉంది, చాలామంది అక్కడే ఎంఎస్ చేసినోళ్లు, హెచ్‌1బీ అంటే కంపెనీ ముందే ఉద్యోగం ఇస్తానన్నాకే వచ్చే వీసా. జల్లెడ పట్టి తీసిన గింజలవి, వాళ్లని చూసి మనోడి జీతం లెక్కేసుకోకూడదు.

మీ అబ్బాయి విషయంలో నాకు అసలు నచ్చంది ఆ బిజినెస్ డిప్లొమా. 2024 నవంబర్ నుంచి స్టడీ పర్మిట్‌కి అప్లై చేసేవాళ్లకి కాలేజీ డిప్లొమా మీద చదువయ్యాక వర్క్ పర్మిట్ రావాలంటే ఆ కోర్సు గవర్నమెంట్ లిస్టులో ఉండాలి, బిజినెస్ కోర్సులు చాలావరకు అందులో లేవు. యూనివర్సిటీ మాస్టర్స్‌కి ఆ గొడవ లేదు. పైగా మెకానికల్ వదిలేసి బిజినెస్ చదివితే ఉన్న రెండేళ్ల అనుభవం కూడా గంగపాలే. ఇంజనీర్ లైసెన్సుకి కెనడా అనుభవం ఉండాలన్న రూలు టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో 2023లో తీసేశారు, కంపెనీవాడి బుర్రలోంచి ఇంకా పోలేదనుకోండి, అందుకే చదువుతో పాటు కో-ఆప్ అంటే జీతమిచ్చే ట్రైనింగ్ ఉన్న కోర్సే చూడమంటాను.

కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన కాలేజీ పేరు, కోర్సు పేరు ఇక్కడే పెట్టండి, లిస్టులో ఉందో లేదో చూసి చెప్తాను. అప్పటిదాకా అడ్వాన్సు మాత్రం కట్టకండి.