కోపెన్‌హాగెన్ చలిని అక్కడే వదిలెయ్

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నీ నవల మొదటి మూడు అధ్యాయాలూ చదివాను. వాటి సంగతి చివర్లో చెప్తాను. ముందు నువ్వడిగిన ప్రశ్న. "స్కాండినేవియా వాళ్ళ క్రైమ్ సిరీస్‌లు, ఇంకా వేరే భాషలవి, ఏవి చూడమంటారు?" అన్నావు. నలభై పేర్ల పట్టికైతే నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. నేను ఐదే చెప్తాను. ఐదూ కలిపి 62 ఎపిసోడ్లు. రాత్రికొకటి చొప్పున రెండు నెలల పని. ఆదివారం కూర్చుని ఎనిమిది ఎపిసోడ్లు మింగేశావంటే సోమవారానికి నీ దగ్గర మిగిలేది హంతకుడి పేరు. రాసేవాడికి అది పనికొచ్చే సరుకు కాదు.

ఒక్క సంగతి మనసులో పెట్టుకుని చూడు. పద్యం రాసేవాడు గణాలకీ యతికీ ముందే ఒప్పుకుని కూర్చుంటాడు. ఆ ఇరుకులోంచే మాట కొత్త దారి వెతుక్కుంటుంది. ఈ సిరీస్‌లలో మంచివాటికి కూడా అలాంటి ఛందస్సు ఒకటుంటుంది. కథ మొదలవకముందే ఒక నియమం పెట్టుకుంటారు, అది తెచ్చే ఇబ్బందుల్లోంచే కథ లాగుతారు. మనవాళ్ళు చాలామంది ఆ నియమాన్ని వదిలేసి మంచునీ, బూడిదరంగు వెలుగునీ, మాట్లాడని డిటెక్టివ్‌నీ ఎత్తుకొస్తున్నారు. నవంబరు చివర కోపెన్‌హాగెన్‌లో సాయంత్రం నాలుగు లోపే పొద్దు గుంకుతుంది. ఆ సిరీస్‌లలో చీకటి క్యాలెండర్ ఇచ్చింది. నీ కథ జరిగేది మే నెల కరీంనగర్‌లో.

మొదట చూడాల్సింది డెన్మార్క్ ప్రజా ప్రసార సంస్థ డీఆర్ 2007లో ఇచ్చిన 'ఫోర్‌బ్రూడెల్సెన్'. ఇంగ్లీషులో 'ది కిల్లింగ్' అన్నారు కానీ డేనిష్‌లో ఆ మాటకు అర్థం 'నేరం'. హత్య ఒక క్షణంలో అయిపోతుంది, నేరం చాలా రోజులు నడుస్తుంది. పేరులోనే ఆ తేడా ఉంది. మొదటి సీజన్ చాలు, 20 ఎపిసోడ్లు. దాని నియమం ఎపిసోడ్‌కి దర్యాప్తులో ఒక రోజు. కేసు ఒక్కటే, పందొమ్మిదేళ్ళ అమ్మాయి హత్య, ఇరవై ఎపిసోడ్లూ ఆమె కోసమే. కథ మూడు చోట్ల నడుస్తుంది: పోలీసులు, అమ్మాయి ఇల్లు, నగర మేయర్ ఎన్నికల్లో నిలబడ్డ ఒక నాయకుడి కార్యాలయం. శవం దొరికిన కారు ఆ నాయకుడి ప్రచారానికి వాడేది కావడంతో మూడూ ముడిపడతాయి.

దీన్ని రెండుసార్లు చూడాలి. మొదటిసారి ఆపకుండా. మర్నాడు అదే ఎపిసోడ్‌ని నోటుబుక్కు పెట్టుకుని చూడు. ప్రతి సన్నివేశానికీ ఒక వరుస రాయి: ఎన్నో నిమిషం, మూడు చోట్లలో ఏది, ఎవరికి కొత్తగా ఏం తెలిసింది, అది తెలియనిది ఎవరికి. నాలుగో గడి ముఖ్యం. ఉత్కంఠ అంతా అక్కడే ఉంటుందని నాలుగైదు ఎపిసోడ్లకే నీకు తెలిసిపోతుంది. మొదటి ఎపిసోడ్ చివర శవం దొరికే చోటు చూడు. తండ్రి ఫోన్ చెవిన పెట్టుకునే అక్కడికొస్తాడు, అవతల తల్లి వింటూ ఉంటుంది. ఆమెకు తెలియాల్సింది ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఇంకో పని. అమ్మాయి ఇంట్లో జరిగే సన్నివేశాల్లో ఆధారం ఏదీ లేనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. వంటగది, అంత్యక్రియల ఏర్పాట్లు, తండ్రి సామాన్ల రవాణా వ్యాపారం ఆగకుండా నడవడం. కొత్తగా రాసేవాడు మొదట కత్తిరించేది వీటినే, "కథ ముందుకెళ్ళడం లేదు" అని. అవి తీసేస్తే మిగిలేది గళ్ళనుడికట్టు. డీఆర్ వాళ్ళు తమ సిరీస్‌లకు పెట్టుకున్న సూత్రాల్లో జంట కథనం ఒకటి: పైకి కనిపించే కథ కింద సమాజం గురించిన మరో ప్రశ్న నడవాలి. ఆ ప్రశ్నను మోసేది ఇలాంటి సన్నివేశాలే.

లోపం కూడా చెప్పాలి. ఇరవై రోజులు నింపడానికి ఒక అనుమానితుణ్ణి ఎత్తుకోవడం, కొన్ని ఎపిసోడ్లు మోయడం, దించేసి ఇంకొకణ్ణి ఎత్తుకోవడం, సగానికొచ్చేసరికి ఆ చక్రం తిరగడం మన కంటికి కనబడిపోతుంది. నువ్వు నవలలో ఇద్దరికి మించి అలా మోయకు. అమెరికాలో ఇదే కథ 2011లో మళ్ళీ తీసి, 13 ఎపిసోడ్ల మొదటి సీజన్ ముగిసినా హంతకుణ్ణి చెప్పలేదు. ప్రేక్షకులు మండిపడ్డారు. ఆలస్యం వాళ్ళు భరిస్తారు, మాట తప్పడం భరించరు.

వెతికేటప్పుడు జాగ్రత్త. 'ది కిల్లింగ్', 'ది బ్రిడ్జ్' (కింద చెప్పే నాలుగోదాని ఇంగ్లీషు పేరు) అన్న పేర్లకు అమెరికా రూపాలే ముందు తగులుతాయి. భాష, సంవత్సరం చూసుకుని ఎంచుకో. సిరీస్‌లు ఒక ఓటీటీ నుంచి ఇంకో దానికి మారుతుంటాయి కాబట్టి అసలు పేరుతో వెతికితే త్వరగా దొరుకుతాయి. ఆడియో అసలు భాషలోనే ఉంచు. డబ్బింగ్ పెట్టుకున్నావా, మౌనాలన్నీ పోతాయి.

రెండోది 'ద ఇన్వెస్టిగేషన్', 2020, ఆరే ఎపిసోడ్లు. 2017లో ఒక స్వీడిష్ పాత్రికేయురాలు డెన్మార్క్‌లో ఒకడు సొంతంగా కట్టుకున్న జలాంతర్గామి ఎక్కి తిరిగి రాలేదు. ఆ నిజమైన కేసు ఇది. దీని నియమం అన్నిటికన్నా కఠినం: నేరం చేసినవాడు తెర మీద ఒక్కసారీ కనబడడు, అతని పేరూ వినబడదు. మిగిలింది పని. నీళ్ళలో దిగే డైవర్లు, ప్రవాహాల లెక్కలు, కోర్టులో నిలిచేది ఏది, నిలవనిది ఏది అని ప్రాసిక్యూటర్‌తో తర్జనభర్జనలు. నిందితుడు మాట మారుస్తూ ఉంటాడు. ఆమెను ఒడ్డున దించేశానంటాడు. తర్వాత బరువైన మూత తలమీద పడిందంటాడు. ఆ మూత కథను పడగొట్టాలంటే పుర్రె దొరకాలి, దాని మీద పగులు లేదని తేలాలి. ప్రతి అబద్ధానికీ ఎదురుగా ఒక వస్తువు. ఈ ఆరు ఎపిసోడ్లలో నువ్వు నేర్చుకోవాల్సింది ఇదే, నీ మూడో అధ్యాయానికి మందు కూడా ఇదే.

మూడోది ఐస్‌లాండ్ వాళ్ళ 'ట్రాప్డ్', 2015, మొదటి సీజన్ పది ఎపిసోడ్లు. దాని అసలు పేరుకు దారులు మూసుకుపోవడం అని అర్థం. డెన్మార్క్ నుంచి ఓడ రేవుకొస్తుంది, మొండెం దొరుకుతుంది, మంచు తుఫాను ఊరిని మూసేస్తుంది. రాజధాని నుంచి రావాల్సిన బృందం రాలేదు, ఊళ్ళో ఉన్నది ముగ్గురు పోలీసులు. ఇక్కడ తుఫాను అలంకారం కాదు, తాళం. మన దగ్గర ఆ పని చేసేవి వేరే ఉన్నాయి, గోదావరి వరదలో మండల కేంద్రంతో దారి తెగిన ఊరు సరిపోతుంది.

నాలుగోది 'బ్రోన్', అంటే వంతెన. స్వీడన్, డెన్మార్క్ కలిసి 2011లో తీశాయి. మొదటి సీజన్ పది ఎపిసోడ్లు. 2000లో తెరిచిన ఓరెసుండ్ వంతెన మీద, సరిగ్గా సరిహద్దు గీత మీద శవం. నియమం తెలిసిపోయింది కదా, రెండు దేశాల పోలీసులూ కలిసి పనిచేయాలి. ఇది ఎంత గట్టిదంటే అమెరికా-మెక్సికో, బ్రిటన్-ఫ్రాన్స్, మలేషియా-సింగపూర్ ఎవరికి వాళ్ళు తమ సరిహద్దుకు తెచ్చుకున్నారు. అందులో స్వీడిష్ డిటెక్టివ్ సాగా నోరేన్ పాత్రను గమనించు. ఎదుటివాళ్ళ మనసు పట్టుబడని ఆమె స్థితికి సిరీస్ ఎక్కడా పేరు పెట్టదు. డాక్టరు చీటీలాంటి వాక్యం లేదు కాబట్టే ఆమె మనిషిగా నిలబడింది. విలన్ దగ్గర మాత్రం నాకు చిరాకు. వాడికి తీరికా డబ్బూ అంతు లేకుండా ఉంటాయి. అలాంటివాణ్ణి రాస్తే ఏ చిక్కైనా వాడి మీద నెట్టెయ్యొచ్చు, అదే ప్రమాదం.

నాగార్జునసాగర్ డ్యాం మీద ఇదే కథ పెడతానని రాశావు. ఒక గట్టు తెలంగాణ, ఒక గట్టు ఆంధ్ర, ఆలోచన బాగానే ఉంది. కానీ "మా పరిధి కాదు" అని ఎఫ్ఐఆరే రాయకపోవడం మీద నడిపితే చెల్లదు. పరిధి ఏదైనా జీరో ఎఫ్ఐఆర్ రాసి తర్వాత బదిలీ చేయాలని ఇప్పుడు చట్టంలోనే ఉంది. గొడవ బదిలీ తర్వాత పెట్టు: శవ పంచనామా ఎవరు చేశారు, మధ్యవర్తులుగా ఏ ఊరివాళ్ళు సంతకం పెట్టారు, ఫోన్ ఎవరి దగ్గర ఉంది.

ఐదోది స్కాండినేవియాది కాదు. కొరియా వాళ్ళ 'సిగ్నల్', 2016, పదహారు ఎపిసోడ్లు. రాత్రి 11:23కి పాత వాకీటాకీ మోగుతుంది, ఇప్పటి పోలీసు ఒకప్పటి పోలీసుతో మాట్లాడతాడు. అక్కడ మార్చితే ఇక్కడ మారుతుంది, ఆ మార్పుకు ఎవరో ఒకరు మూల్యం కట్టాలి. ఇందులో ఇంకో గడియారం ఉంది: హత్య కేసుకు కాలపరిమితి. కొరియాలో ఆ పరిమితిని 2015లో ఎత్తేశారు, కానీ పాత కేసుల కథల్లో అది టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. దీన్ని తెలుగులోకి తెచ్చుకోకు. మన చట్టంలో హత్యకు కాలపరిమితి లేదు, గరిష్ఠ శిక్ష మూడేళ్ళు దాటని నేరాలకే ఉంది.

నిన్ను కొరియా దాకా లాక్కెళ్ళడానికి అసలు కారణం వేరే. 1960ల చివర నుంచి స్వీడన్‌లో అందరూ అందర్నీ 'దూ', అంటే 'నువ్వు' అంటున్నారు. పై అధికారిని, నిందితుణ్ణి, ముసలమ్మని ఒకే మాటతో పిలుస్తారు. తెలుగులో అది కుదరదు. ఎస్సై సీఐని "సార్" అంటాడు, స్టేషన్ రైటర్‌ని "ఏమయ్యా" అంటాడు, అనుమానితుణ్ణి కూర్చోబెట్టినప్పుడు "మీరు" అని మొదలుపెట్టి పావుగంటలో "నువ్వు"కి, ఆపైన "ఏరా"కి దిగుతాడు. ఆ దిగడమే విచారణ. స్వీడిష్ రచయితకు లేని ఆయుధం నీకుంది. నువ్వేమో మూడో అధ్యాయంలో సీఐ చేత పది పేజీలూ "నువ్వు" అనిపించావు. కొరియన్ భాషలోనూ మర్యాదకు మెట్లున్నాయి. వాక్యం చివర 'యో' వినిపిస్తే మర్యాద, 'మ్నిదా' అంటే ఇంకా పైమెట్టు, ఏదీ లేకుండా వాక్యం తెగితే చనువో తిరస్కారమో. ఇంగ్లీషు సబ్‌టైటిల్ దీన్ని మింగేస్తుంది, చెవితో పట్టుకోవాలి. ఎవరు ఎవరితో ఎప్పుడు 'యో' వదిలేశారో నాలుగు ఎపిసోడ్లలో గుర్తు పెట్టు.

యాస సంగతి కూడా ఇలాంటిదే. ఇటలీ వాళ్ళ 'గొమొర్రా'లో నేపుల్స్ మాట ఎంత చిక్కనిదంటే సొంత దేశంలోనే ఇటాలియన్ సబ్‌టైటిళ్ళతో వేశారు. నీ కానిస్టేబుల్ మాత్రం పాఠ్యపుస్తకంలా మాట్లాడుతున్నాడు.

ఇక నీ అధ్యాయాలు. మూడోదాంట్లో సీఐ రెండు పీకగానే ముద్దాయి ఒప్పుకున్నాడు, నీ లెక్కలో కేసు అయిపోయింది. పోలీసుల ముందు ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యం కాదు. 1872 నాటి చట్టంలో అది 25వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్. అతను చెప్పినదాన్ని బట్టి ఒక వస్తువు దొరికితే, ఆ మేరకు మాత్రమే పనికొస్తుంది. అంటే నీ కథ అయిపోయిందనుకున్న చోటే మొదలవుతుంది. కత్తి ఏ బావిలో ఉంది, తీసేటప్పుడు మధ్యవర్తులెవరు, వాళ్ళు రేపు కోర్టులో అదే మాట మీద నిలబడతారా? మే నెల ఎండలో శవం బిగుసుకోవడమూ సడలడమూ కూడా త్వరగా అయిపోతాయి, ఒక్క రోజుకే కుళ్ళు మొదలవుతుంది. రెండో అధ్యాయంలో మూడు రోజుల తర్వాత బావిలో దొరికిన అమ్మాయి ముఖాన్ని "నిద్రపోతున్నట్టుంది" అన్నావు. కొట్టెయ్.

నీకు ఛందస్సు కావాలంటే మన చట్టంలోనే ఒకటుంది. అరెస్టయిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. హత్య కేసులో 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే ముద్దాయికి బెయిలు హక్కవుతుంది. లెక్క అరెస్టు నుంచి కాదు, రిమాండు చేసిన రోజు నుంచి, ఆ రోజూ కలుపుకుని. ముద్దాయిని మొదటి అధ్యాయంలోనే రిమాండుకు పంపెయ్. హంతకుడు ఎవరో పాఠకుడికి తెలిసినా పరవాలేదు. ఫోరెన్సిక్ రిపోర్టు రాదు, సాక్షి గల్ఫ్‌కి వెళ్ళిపోతాడు, సీఐకి బదిలీ వస్తుంది. ప్రతి అధ్యాయం పైన రోజు సంఖ్య వెయ్యి. 91వ రోజు ఉదయం జైలు గేటు దగ్గర ఎవరెవరు నిలబడి ఉంటారో ముందు ఆ పేజీ రాసి, వెనక్కి నడు.

ఉంటాను.
నీ అన్న

తా.క. ఒక కసరత్తు. 'బ్రోన్'లో ఐదు నిమిషాల సన్నివేశం ఒకటి తీసుకుని దానికి తెలుగు సబ్‌టైటిళ్ళు రాసి పంపు. నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లీషుకు పెట్టుకున్న కొలతే పెట్టుకో: వరుసకు 42 అక్షరాలు, రెండు వరుసలకు మించకూడదు, తెర మీద ఏడు సెకన్లు దాటకూడదు. ప్రతి 'దూ'నీ మీరు చేశావో నువ్వు చేశావో, ఎందుకలా చేశావో పక్కన రాయి.