మూడో రోజే తిన్నదా?

తిరుపతి

నాయనా,

పామును పెంచుకునే కుర్రాడి మీద నువ్వు రాసిన కథ చదివాను. బైరాగిపట్టెడలో రెండు గదుల అద్దె ఇల్లు, మంచం కింద పాము డబ్బా, కింద వాటాలో ఓనరమ్మకు తెలియకుండా దాచే తిప్పలు బాగా రాశావు. పాము తిండి మానేసిన దగ్గర్నుంచే నీ కలం తడబడింది.

ముందు, అది ఏ పాము? శేషాచలం కొండల్లో పట్టిన కొండచిలువ పిల్ల అన్నావు. దాన్ని ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. అప్పుడు నీ కుర్రాడు పాము ఆకలికి కాదు, అటవీశాఖ వాళ్లకు భయపడాలి. అది వేరే కథ. బాల్ పైతాన్ అని మార్చు. పశ్చిమ ఆఫ్రికా కొండచిలువ జాతి, ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించి పెంచుకోవచ్చు. పైగా తిండి దగ్గర మొండికేయడంలో పెట్టింది పేరు. పెద్దదైతే నెలల తరబడి తినకుండా ఉండగలదు.

నువ్వేమో మూడో రోజే కుర్రాడి అమ్మ చేత పాముకు పాలు తాగించేశావు. నాగులచవితికి పుట్టలో పోస్తాం గానీ, పాలు పాము తిండి కాదయ్యా. అమ్మను పాలు తేనీ. గిన్నె అక్కడే ఉండనీ. తెల్లారేసరికి మీగడ కట్టి, అందులో రెండు చీమలు పడి ఉంటే చాలు.

నేనూ తప్పు చేసినవాడినే. నా తొలి కథలో జెర్రిపోతు చేత కరిపించి ఒక మనిషిని చంపేశాను. కార్వేటినగరం నుంచి ఒక రైతు పోస్టుకార్డు రాశాడు: 'అయ్యా, జెర్రిపోతుకు విషం లేదు.' ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇక అసలు చిక్కు. తినని పాము దగ్గర చెయ్యాల్సిన పని తక్కువ. డబ్బాలో ఒక పక్క 32 డిగ్రీల దాకా వెచ్చగా ఉందా, రెండో పక్క చల్లగా ఉందా, దాక్కోవడానికి గూడు ఉందా చూసుకోవాలి. వెచ్చదనం లేకపోతే తిన్నది అరగదు. కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడవబోతోందని అర్థం, అన్నాళ్లూ ఆగాలి. రోజూ చేతిలోకి తీసుకుని బతిమాలితే ఇంకా బిగుసుకుంటుంది.

మరి ఊరికే కూర్చున్న మనిషిని ఎలా రాయాలి? అతని చేతుల్ని చూపించు. వారానికోసారి పామును గిన్నెలో పెట్టి, వంటింటి త్రాసు మీద తూచి, నోటుబుక్కులో గ్రాముల్లో రాసుకుంటాడు. 1240. 1238. 1231. ఆ అంకెలు కథలో అలాగే పెట్టు. పదో వంతు తగ్గితే పశువైద్య కళాశాలకు పరుగెత్తాలి, అంతదాకా టెన్షన్ పడుతూ ఆగాలి. ఫ్రీజర్‌లో బఠాణీల వెనక దాచిన ఎలుకను, పాము నడుమంత లావుది, కవర్లో చుట్టి వేణ్ణీళ్లలో ఉంచుతాడు. పట్టకారుతో అందిస్తాడు. పాము తల తిప్పుకుంటుంది. అమ్మ గుమ్మంలోంచి 'తిన్నదా?' అంటుంది, వీడు తిన్నాడా అని మాత్రం అడగదు.

ఒక రాత్రి ఎలుకను లోపల వదిలి, డబ్బా మీద తువ్వాలు కప్పి లైటు తీసేస్తాడు. తిన్నది చూపించకు. పొద్దున ఎలుక లేదు, అంతే. తిన్నాక రెండ్రోజులు దాన్ని ముట్టుకోకూడదు. ఆ రెండ్రోజులూ రాయి. రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు