కళ్ళు మూసుకున్నచోట మొదలుపెట్టు

అమ్మా,

నీ వ్యాసం అంది చాలా రోజులైంది. మూడో పేజీలో ఒక వాక్యం చదవగానే కోపం వచ్చింది. తగ్గాక రాద్దామని పక్కన పెట్టాను. తగ్గలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

'స్కార్‌ఫేస్' సినిమా మీద రాస్తూ రెండో పేజీలో ఇలా అన్నావు: "స్నానాలగదిలో మోటారు రంపం మోగగానే నేను కళ్ళు మూసుకున్నాను." తర్వాతి పేజీలో ఇలా రాశావు: "మనిషి చేతిని రంపంతో కోయడాన్ని దర్శకుడు ఏ మాత్రం దాచకుండా తెర నిండా చూపించాడు." కళ్ళు మూసుకున్నదానివి అదెప్పుడు చూశావమ్మా?

నీ వ్యాసం చదివాక ఆ ఘట్టాన్ని మళ్ళీ పెట్టుకుని చూశాను. మయామీ బీచ్‌లో సముద్రపు ఒడ్డున ఒక మామూలు హోటలు. కొకైన్ కొనడానికి టోనీ మొంటానా, అతని సహచరుడు ఆంజెల్ గదిలోకి వెళతారు. మిగతా ఇద్దరు కింద కారు దగ్గర ఉంటారు. కొలంబియా ముఠావాళ్ళు తుపాకులు ఎక్కుపెట్టి, ఆంజెల్‌ను స్నానాలగదిలో కట్టేసి, రంపం బయటికి తీస్తారు. అప్పుడు కెమెరా గదిలో నిలబడలేదు. కిటికీలోంచి బయటికి వచ్చి, ఎండ కాస్తున్న వీధిలోకి దిగి, కారు దగ్గరికి చేరింది. అక్కడ టోనీ స్నేహితుడు మానీ ఈతదుస్తుల్లో ఉన్న ఒక అమ్మాయితో సరసాలాడుతున్నాడు. లోపల ఏం జరుగుతోందో అతనికి తెలియదు. తర్వాత కెమెరా నింపాదిగా మళ్ళీ ఆ కిటికీ దగ్గరికే ఎక్కింది. లోపలికి వెళ్ళాక మనకు దక్కేవి టోనీ ముఖం, దాని మీద చిందే రక్తం, రంపం మోత. చెయ్యి తెగడం తెర మీద లేదు.

లేనిదాన్ని నువ్వు చూశావు. ఆ చెయ్యి తెగడం కళ్ళారా చూశామని ఒట్టు వేసి చెప్పేవాళ్ళు నాకు ఇప్పటికీ తారసపడుతుంటారు. దర్శకుడు బ్రయన్ డి పాల్మా పనితనం అక్కడే ఉంది. ఒక మనిషిని చిత్రవధ చేస్తుంటే కిటికీ అవతల లోకం ఎప్పటిలాగే నడిచిపోతోంది. భయమంతా ఆ పక్కపక్కన ఉండడంలోంచి పుడుతుంది. కళ్ళు మూసుకున్న నీకు ఆ దృశ్యం చెవుల్లోంచి అందింది, మిగతాది నువ్వే కల్పించుకున్నావు. నీ పదకొండు పేజీల్లో ప్రాణమున్న వాక్యం ఆ కళ్ళు మూసుకున్నదొక్కటే. దాన్ని అక్కడే వదిలేసి, పేజీకి నిలువుగా గీత గీసి, ఒక పక్క నచ్చినవాళ్ళను, మరో పక్క నచ్చనివాళ్ళను నిలబెట్టావు. చివర "ప్రేక్షకులలో భిన్నాభిప్రాయాలు వ్యక్తమయ్యాయి, ఎవరి అభిరుచి వారిది" అని ముగించావు.

ఆ వాక్యం రాయడానికి సినిమా చూడనక్కరలేదు. ఏ సినిమాకైనా అతుకుతుంది.

నువ్వు సేకరించిన వివరాలు సరైనవే. 1983 డిసెంబరులో విడుదల కావడానికి ముందు దానికి అమెరికాలో ఎక్స్ రేటింగ్ ఇచ్చారు, అంటే పిల్లలకు ప్రవేశం లేదని. అప్పీలు చేసుకుంటే గానీ, పెద్దవాళ్ళతో వస్తే పిల్లలను రానిచ్చే ఆర్ రాలేదు. టోనీగా వేసిన అల్ పచీనోకు గోల్డెన్ గ్లోబ్ నామినేషన్, డి పాల్మాకు అదే సంవత్సరానికి అధమ దర్శకుడిగా, చెత్త సినిమాలకు ఎగతాళిగా ఇచ్చే రజ్జీ నామినేషన్. విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రాలు ఇచ్చాడు. మరో విమర్శకురాలు పాలిన్ కేల్ 'ది న్యూయార్కర్' పత్రికలో తీసిపారేసింది. అన్నీ రాశావు, కానీ వాటిని ఓట్ల లెక్కలా రాశావు. కేల్ అంతకుముందు డి పాల్మా సినిమాలను ఎంతగా వెనకేసుకొచ్చిందో నీకు తెలుసా? అతని చేతి నైపుణ్యాన్ని అందరికంటే ముందుగా, అందరికంటే గట్టిగా మెచ్చుకున్న మనిషి ఈ సినిమా దగ్గర ఆగిపోయింది. నెత్తురును చూసి జడిసే రకం కాదామె. మరి ఆమెకు ఏది రుచించలేదు? ఆ ప్రశ్న వేసుకుని ఉంటే నీకు వ్యాసం దొరికేది. నువ్వు ఆమె పేరును కుడి పక్క గడిలో వేసి ముందుకు వెళ్ళిపోయావు.

నా పట్టుదల ఒకటుంది, ఎవరు నవ్వినా వదలలేదు. సినిమా గురించి రాసేవాడు ముందు తెర మీద ఉన్నదాన్ని రాయాలి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, కెమెరా ఎటు కదిలింది, ఏ శబ్దం ముందు వచ్చింది, దెబ్బకు ముందు ఎంతసేపు ఆపాడు, దెబ్బ తర్వాత ఎంతసేపు ఉంచాడు. హింస ఉన్న సినిమాకైతే ఇది మరీ ముఖ్యం. దర్శకుడి నీతి అతను పాత్రలతో చెప్పించే మాటల్లో ఉండదు. దెబ్బ తగిలాక కెమెరా ఎవరి ముఖం వైపు తిరిగిందో అందులో ఉంటుంది. కొట్టినవాడి వైపా, పడినవాడి వైపా, చూస్తూ నిలబడ్డవాడి వైపా? అది చెప్పకుండా "హింస ఎక్కువైంది", "హింస సహజంగా ఉంది" అంటే రెండూ ఒకటే. అవి చూసినవాడి ఒంటి తీరును చెబుతాయి, సినిమా గురించి ఏమీ చెప్పవు.

ఈ పట్టుదల నాకు వీడియో క్యాసెట్ల రోజుల్లో అబ్బింది. మా ఊళ్ళో ఒక అద్దె దుకాణం ఉండేది. సాయంత్రం బేరాలు మొదలయ్యేలోపు వెనక గదిలో టీవీ ముందు కూర్చోనిచ్చేవాడు ఆ యజమాని. నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో ఘట్టాన్ని వెనక్కి తిప్పి, షాట్ల వరస రాసుకునేవాణ్ణి. టేపు అరిగిపోతుందని అతను తిట్టేవాడు. ఆ తిట్లు పడుతూనే రాసుకున్నాను. జ్ఞాపకం ఎంత అబద్ధమాడుతుందో ఆ గదిలోనే తెలిసింది. చూసి ఇంటికి వచ్చి రాసినదానికి, మర్నాడు టేపులో ఉన్నదానికి పొంతన ఉండేది కాదు.

ఇక నీ పట్టికలో అసలు లేనివాళ్ళ సంగతి. మయామీలోని క్యూబా జనం. 1980లో క్యూబాలోని మరియెల్ రేవు నుంచి పడవల మీద దాదాపు 1,25,000 మంది క్యూబన్లు ఫ్లోరిడా చేరారు. సినిమా ఆ వాస్తవంతోనే మొదలవుతుంది. అసలు పడవల దృశ్యాలు చూపిస్తూ, వచ్చినవాళ్ళలో 25,000 మందికి నేర చరిత్ర ఉందని అంచనా అంటూ తెర మీద అక్షరాలు వేస్తారు. ఆ అక్షరాలు చదువుతున్న క్యూబన్ తల్లిని ఒక్కసారి తలుచుకో. ఆమె కొడుకు ఏ హోటల్లోనో గిన్నెలు కడుగుతూ, రేపో మాపో మంచి ఉద్యోగం వస్తుందని ఎదురుచూస్తుంటాడు. చిత్రీకరణ మయామీలో వద్దని అక్కడి క్యూబన్లు గొడవ చేశారు. చాలా భాగం లాస్ ఏంజెలెస్‌లో తీయాల్సి వచ్చింది. ఇది క్యూబన్ అమెరికన్లందరి కథ కాదని చివర ఒక ప్రకటన కూడా చేర్చారు. వాళ్ళ అభ్యంతరం రక్తం మీద కాదు, తమ పేరు మీద. "నచ్చింది, నచ్చలేదు" అనే నీ గీతకు ఏ పక్కనా అది ఇమడదు.

ఇది నాకు ఎందుకింత బాధ కలిగించిందో చెబుతాను. మాది అనంతపురం జిల్లా. ఫ్యాక్షన్ సినిమాలు వరసగా వచ్చిపడిన రోజుల్లో ఒక వారపత్రికకు సమీక్షలు రాసేవాణ్ణి. బాంబులు, వేటకొడవళ్ళు తప్ప సీమకు మరో ముఖం లేనట్టు చూపిస్తున్నారని, మా పిల్లలు హైదరాబాదులో అద్దెకు ఇల్లు అడిగితే ఊరిపేరు విని తలుపు వేసేస్తున్నారని ఒక సమీక్షలో రాశాను. అందులోనే ఒక నరికే దృశ్యాన్ని షాటు షాటుగా వివరించాను. నేలకొరిగినవాడి ముఖం ఒక్కసారైనా చూపించలేదని, వాడికి పేరు కూడా లేదని రాశాను. అచ్చయ్యాక చూస్తే ఆ రెండు పేరాలూ లేవు. అడిగితే, "సినిమా ఆడుతోందండీ, పాఠకుడికి బాగుందో లేదో చెబితే చాలు" అన్నాడు సంపాదకుడు. కొన్నాళ్ళకు సమీక్షల నిడివి సగానికి కోశారు. ఆ తర్వాత కింద నక్షత్రాలు వేయమన్నారు. వేయనన్నాను. నా శీర్షిక ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళయినా అది నాకు మానలేదు, దాచుకోను. ఇప్పుడు మొదటి ఆట ముగియకముందే తీర్పులు వచ్చేస్తున్నాయి, రెండున్నరా, రెండుముప్పావా అని తగాదాలు పడుతున్నారు. నీలాంటివాళ్ళు ఆ లెక్కల్లో పెరిగి, ఆలోచన అంటే అదేనని నమ్ముతున్నారు. నా కోపంలో సగం ఆ లెక్కలు నేర్పినవాళ్ళ మీదేనమ్మా, నీ మీద కాదు.

మన సినిమాతోనే పోల్చి చూడు. 1989లో 'శివ' వచ్చినప్పుడు కుర్రాళ్ళ చేతికి సైకిల్ చైను ఇచ్చిందని తిట్టినవాళ్ళున్నారు, తెలుగు సినిమాను మార్చేసిందని నెత్తిన పెట్టుకున్నవాళ్ళున్నారు. 2025లో మళ్ళీ విడుదలైనప్పుడు కూడా అవే మాటలు వినిపించాయి. వాళ్ళలో ఎందరు ఆ చైను ఘట్టాన్ని వరసగా చెప్పగలరు? కొట్టడం కంటే కొట్టడానికి ముందున్న నిశ్శబ్దమే గుర్తుండిపోయే ఘట్టమది. రఘువరన్ భవానీగా గొంతు పెంచకుండానే భయపెట్టాడు. అంతకుముందు మన ప్రతినాయకులు ఎంత అరిచేవారో గుర్తు తెచ్చుకుంటే రామ్‌గోపాల్ వర్మ ఏం మార్చాడో అర్థమవుతుంది. ఆ మార్పు మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి మాట. నాకైతే ఆ నిశ్శబ్దం గొప్పది. దాన్ని అనుకరిస్తూ వచ్చిన సినిమాలు చాలావరకు చైనును పట్టుకుని నిశ్శబ్దాన్ని వదిలేశాయి.

టోనీ మొంటానా బొమ్మను గోడకు తగిలించుకునే కుర్రాళ్ళ గురించి నువ్వు విసుక్కున్నావు. నాకు ఆ విసుగు లేదు. అమెరికాలో హిప్‌హాప్ పాటగాళ్ళు ఆ సినిమాను తమదిగా చేసుకున్నారంటే, వాళ్ళు అందులో తుపాకీతో పాటు ఇంకోటి చూశారు. మొదట్లో టోనీ చిన్న తిండికొట్టులో గిన్నెలు కడుగుతూ, ఎదుటి క్లబ్బుకు వచ్చే కార్లను, ఆ బట్టలను, ఆ ఆడవాళ్ళను చూస్తుంటాడు. ఆ చూపు తెలిసినవాడికి సినిమా అక్కడ మొదలవుతుంది. తెలియనివాడికి రంపం దగ్గర మొదలవుతుంది. అయితే బొమ్మ తగిలించుకున్నవాళ్ళూ, దాన్ని చింపేయమన్నవాళ్ళూ కలిసి మరిచిపోయే ఘట్టం ఒకటుంది. నీ వ్యాసంలోనూ లేదు. న్యూయార్క్‌లో ఒకతని కారు కింద బాంబు పెడతారు. మీట నొక్కాల్సిన వేళకు అతని భార్య, పిల్లలు కూడా కారెక్కుతారు. పిల్లల్ని చంపనని టోనీ మొరాయిస్తాడు, చివరికి మీట పట్టుకున్నవాణ్ణే కాల్చేస్తాడు. మూడు గంటలకు దగ్గరగా సాగే ఆ సినిమాలో అతను చేసిన ఒకే ఒక్క మంచిపని అది, అతని చావు దానివల్లే వస్తుంది. అన్ని హత్యలకూ లోకం ఊరుకుంది, హత్య మానినందుకు మాత్రం ఇంటి మీదికి తుపాకులతో మనుషుల్ని పంపింది. ఆలివర్ స్టోన్ రాసిన ఈ మలుపును పట్టించుకోకుండా ఆ సినిమా హింసను కీర్తించిందనో ఖండించిందనో చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది. అయినా చివరి కాల్పుల్లో కెమెరా టోనీని చూసి మురిసిపోయిందనే నా నమ్మకం. ఇక్కడ నేను కేల్ పక్షాన ఉన్నానేమో. 1932లో దర్శకుడు హోవర్డ్ హాక్స్ తీసిన పాత 'స్కార్‌ఫేస్'లో హీరో చివరకు పిరికివాడై చస్తాడు. డి పాల్మా తన సినిమాను హాక్స్‌కు, రచయిత బెన్ హెక్ట్‌కు అంకితమిచ్చాడు కానీ ఆ పిరికితనాన్ని తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో నువ్వు ఆలోచించు. నాకు ఒక జవాబు ఉంది, నీ జవాబు వచ్చేదాకా చెప్పను.

నీ ఉత్తరంలో ఇంకా చాలా అడిగావు. ఆడపిల్లవు, ఇలాంటి సినిమాల మీద రాస్తే ఎవరైనా ఏమైనా అనుకుంటారా అన్నావు. అనుకుంటారు. రాయి. కళ్ళు మూసుకున్నానని ఒప్పుకునే ధైర్యం నాతోటి మగ విమర్శకుల్లో ఒక్కరిలోనూ చూడలేదు. హింసను రెప్ప వేయకుండా చూడడమే మగతనమనుకుంటూ అందరం ముసలివాళ్ళమయ్యాం.

ఇప్పుడు చేయాల్సిన పని చెబుతాను. పదకొండు పేజీలనూ పక్కన పెట్టు. ఆ హోటలు ఘట్టాన్ని రెండుసార్లు చూడు, ఒకసారి కళ్ళు తెరిచి, ఒకసారి మూసుకుని. ఫోనులో చూడొద్దు, ఎవరింట్లోనైనా పెద్ద టీవీ ఉంటే అడుక్కో. తర్వాత రెండే పేజీలు రాయి. కారు ఆగినప్పటి నుంచి, టోనీ పట్టపగలు నడివీధిలో ఆ కొలంబియా మనిషి నుదుటి మీద కాల్చేదాకా. "అద్భుతం", "దారుణం" అనే మాటలు వాడొద్దు. ఎవరి అభిప్రాయాన్నీ ప్రస్తావించొద్దు, నీదైనా సరే. అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టి, వరసల మధ్య ఖాళీ వదిలి పంపు. వచ్చే నెల మొదటి వారం నేను ఊళ్ళో ఉండను, ఆ తర్వాత ఎప్పుడు పంపినా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ సార్