ఓటీపీ చెప్పలేదు కదా, ఇంకేం భయం?

ప్రశ్న: మా నాన్నగారు రిటైర్డ్ టీచర్. సేవింగ్స్ ఖాతాలో 3 లక్షలు, అదే బ్యాంకులో ఎఫ్‌డీలు 14 లక్షలు ఉన్నాయి. ‘ఈ రాత్రితో మీ ఖాతా ఆగిపోతుంది, కేవైసీ అప్‌డేట్ చేసుకోండి’ అంటూ నిన్న వాట్సాప్‌లో బ్యాంకు లోగోతో ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను నేరుగా ఫోన్‌లోకి ఎక్కించే ఫైలు) వస్తే ఇన్‌స్టాల్ చేసేశారు. ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పలేదంటున్నారు. డబ్బు ఇంకా ఖాతాలోనే ఉంది. ప్రమాదం తప్పినట్టేనా?

జవాబు: తప్పలేదు. ముందు ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపేయండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

ఈ మోసంలో ఓటీపీ ఎవరూ అడగరు. ఎస్సెమ్మెస్‌లు చదవడానికి యాప్ అనుమతి అడుగుతుంది. ‘అలౌ’ నొక్కితే చాలు, వచ్చే ప్రతి మెసేజీ అవతలివాడికీ చేరుతుంది. ఆ తర్వాత కేవైసీ ఫారం పేరుతో పాన్, పుట్టిన తేదీ, కార్డు నంబరు, యూజర్ ఐడీ లాగుతారు. వాడు లాగిన్ అవుతాడు, ఓటీపీ మీ నాన్నగారి ఫోన్‌కు వస్తుంది, ఆయన కళ్లద్దాలు వెతుక్కునేలోపు వాడి చేతిలో ఉంటుంది. ఆ ఫారంలో ఏమేం నింపారో నెమ్మదిగా అడగండి. కోప్పడితే సగమే చెబుతారు.

డెబిట్ కార్డు వెనకున్న నంబరుకు వేరే ఫోన్ నుంచి కాల్ చేసి కార్డు, నెట్‌బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. గూగుల్‌లో వెతికితే దొరికే ‘కస్టమర్ కేర్’ నంబర్లలో దొంగవీ ఉంటాయి. ఫిర్యాదు నంబరు, సమయం రాసి పెట్టుకోండి. పాస్‌వర్డులు ఆ ఫోన్‌లో మార్చకండి, కొత్త ఓటీపీ కూడా వాడికే పోతుంది. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసి మార్చండి. మీ కాల్స్ తన నంబరుకు వెళ్లేలా వాడు కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే, ##002# డయల్ చేస్తే అది పోతుంది. యాప్ తీసేస్తే సరిపోదు. కొన్ని ఐకాన్ కనిపించకుండా దాక్కుంటాయి. ఫొటోలు, కాంటాక్టులు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మేలు.

డబ్బు కదిలిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. ఆ డబ్బు మరో ఖాతాకు మారకముందే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్‌తో వచ్చిన నిబంధన ప్రకారం, వివరాలు మనమే ఇచ్చి ఉంటే బ్యాంకుకు తెలిపే వరకు పోయింది మన నష్టం, తెలిపాక పోయింది బ్యాంకు నష్టం. అందుకే ఆ సమయం రాసుకోమన్నాను. 5 లక్షల డిపాజిట్ బీమా ఉందని కొందరు ధీమాగా ఉంటారు. అది బ్యాంకు చేతులెత్తేసినప్పటి మాట, ఇలాంటి మోసాలకు వర్తించదు.

ఇకపై లింకు వస్తే అడ్రసులో https:// తర్వాత వచ్చే మొదటి స్లాష్ దగ్గర నుంచి వెనక్కి చదవమనండి. మన బ్యాంకుల సైట్లు ఇప్పుడు ఆ స్లాష్‌కు ముందు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తో ముగియాలి. ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ కేవైసీ డాట్ టాప్’ అని ఉంటే మొదట్లో ఎంత బాగున్నా అది దొంగదే. ఏపీకే అయితే చదవడం కూడా దండగ, డిలీట్ చేయడమే. యాప్ ప్లే స్టోర్ నుంచే రావాలి.

నాకు అసలు బెంగ ఆ 14 లక్షల గురించే. ఆన్‌లైన్‌లో తెరిచిన ఎఫ్‌డీని యాప్‌లోనే నిమిషాల్లో రద్దు చేసి సేవింగ్స్‌లోకి లాగేయొచ్చు. గడువు తీరగానే ఎఫ్‌డీలను నెట్‌బ్యాంకింగ్ లేని వేరే బ్యాంకు ఖాతాలోకి మార్చండి. గడువుకు ముందు మార్చితే వడ్డీలో కోత పడుతుంది కాబట్టి, అప్పటిదాకా నెట్‌బ్యాంకింగ్‌ను చూడటానికి మాత్రమే పరిమితం చేయమని బ్రాంచిలో రాసివ్వండి. ఫోన్‌కు ముడిపడిన ఖాతాలో నెల ఖర్చుకు మించి ఉంచొద్దు, రోజువారీ బదిలీ పరిమితిని 10,000కు తగ్గించండి.